సిటికెన పుల్ల దెబ్బ ఎందుకు దొరకలేదు: ఒక ప్యూర్ డేటా అనుబంధ లైబ్రరీని కొత్త యంత్రానికి మార్చిన కేస్ స్టడీ

నల్లగొండకూ నకిరేకల్‌కూ నడుమ ఒక ఊళ్లో, పాత గోదామును బాగుచేసి ఏర్పాటు చేసుకున్న డప్పు శిక్షణ గది ఒకటి ఉంది. పిల్లలు వాయిస్తున్నప్పుడు మైకు ద్వారా శబ్దాన్ని తీసుకుని, సిర్ర (కుడిచేతి కర్ర) దెబ్బ ఏదో, సిటికెన పుల్ల (ఎడమచేతి సన్న పుల్ల) దెబ్బ ఏదో వేరుచేసి, లెక్కపెట్టి, గోడ మీది రెండు వరుసల దీపాలను వెలిగించే ఏర్పాటును 2013లో ప్యూర్ డేటా అనే సాఫ్ట్‌వేర్‌లో, దానికి నేను రాసిన అనుబంధ లైబ్రరీతో, నేనే తయారుచేసి ఇచ్చాను. దెబ్బ ఎక్కడ తప్పిందో పిల్లలకు కంటితో కనబడాలన్నది గురువుగారి కోరిక. పదేళ్ల పాటు ఆ ఏర్పాటు పెద్దగా మొరాయించకుండా నడిచింది. 2023 వానాకాలంలో అది నడుస్తున్న పాత ల్యాప్‌టాప్ పూర్తిగా పాడైపోయింది. దాని స్థానంలో రాస్ప్‌బెర్రీ పై 4 అనే చిన్న కంప్యూటరును పెట్టి, పాత ప్యాచ్‌ను (ప్యూర్ డేటా ప్రోగ్రామును) తెరిచిన రోజు నుంచి, అది మళ్లీ మునుపటిలా పనిచేసిన రోజు వరకు జరిగిన పనిని ఇక్కడ వివరంగా రాస్తున్నాను. ఇటువంటి లైబ్రరీలను చూసుకునేవారికి ఇందులోని పొరపాట్లు నేరుగా ఉపయోగపడతాయని నా నమ్మకం.

ప్యూర్ డేటా గురించి తెలియనివారి కోసం కొంత చెప్పాలి. ఇది 1990లలో మిల్లర్ పకెట్ రూపొందించిన ఓపెన్ సోర్స్ సాఫ్ట్‌వేర్. ఇందులో ప్రోగ్రామును వాక్యాలుగా రాయరు. తెర మీద పెట్టెలను పెట్టి వాటిని తీగలతో కలుపుతారు. ఆ పెట్టెలను ఆబ్జెక్టులనీ, మొత్తం చిత్రాన్ని ప్యాచ్ అనీ అంటారు. శబ్దం మీద పనిచేసే ఆబ్జెక్టుల పేరు చివర టిల్డా గుర్తు ఉంటుంది. సాఫ్ట్‌వేర్‌తో పాటు వచ్చే ఆబ్జెక్టులు చాలనప్పుడు సీ భాషలో కొత్తవి రాసుకోవచ్చు. వాటిని ఎక్స్‌టర్నల్స్ అంటారు. ప్యాచ్‌నే ఒక ఆబ్జెక్టుగా వాడుకుంటే అది అబ్‌స్ట్రాక్షన్. నా లైబ్రరీలో సీలో రాసిన ఆబ్జెక్టులు 4, అబ్‌స్ట్రాక్షన్లు 7 ఉన్నాయి. దెబ్బను పసిగట్టేది 'దెబ్బ~', శబ్దాన్ని మంద్ర (కింది స్థాయి) భాగంగా, పై భాగంగా చీల్చేది 'వేరు~', రికార్డయిన దెబ్బను పట్టిక నుంచి చదివి పోల్చేది 'పోలిక'. ఈ కథలో ముఖ్యమైనవి ఈ మూడే.

2013లో నేను తీసుకున్న ఒక నిర్ణయం తర్వాతి కష్టాలలో సగానికి మూలం. అప్పట్లో చాలామంది లాగే నేను కూడా పీడీ-ఎక్స్‌టెండెడ్ (పీడీ అంటే ప్యూర్ డేటానే) అనే సంకలనాన్ని వాడాను. అందులో జెక్సీ, సైక్లోన్, మ్యాక్స్‌లిబ్ వంటి లైబ్రరీలు ముందుగానే చేర్చి ఉండేవి; ఏ ఆబ్జెక్టు ఏ లైబ్రరీదో తెలుసుకోవలసిన అవసరం వాడేవారికి ఉండేది కాదు. ఆ సంకలనం 0.43.4 సంచికతో ఆగిపోయింది. అసలు ప్యూర్ డేటా మాత్రం ముందుకు సాగింది. 2016లో వచ్చిన 0.47 నుంచి డెకెన్ అనే వ్యవస్థ అందులోనే భాగమై, ఎవరికి కావలసిన లైబ్రరీని వారు వెతికి దించుకునే పద్ధతి స్థిరపడింది. నేను మాత్రం నడుస్తున్న యంత్రాన్ని కదపకూడదన్న భయంతో పదేళ్లు అలాగే ఉంచేశాను. ఆ పదేళ్లలో ఏడాదికొకసారి కొత్త సంచిక మీద ప్యాచ్‌ను తెరిచి చూసి ఉంటే, ఒక్కొక్క సమస్య ఒంటరిగా ఎదురయ్యేది. ఇప్పుడు అన్నీ ఒకేసారి, ఒకదాని మీద ఒకటి పేరుకుని వచ్చాయి.

కొత్త యంత్రం మీద 64 బిట్ల ఆపరేటింగ్ సిస్టమ్, ప్యూర్ డేటా 0.54 ఉన్నాయి. ప్యాచ్ తెరవగానే చాలా పెట్టెల అంచులు గీతలు గీతలుగా కనిపించాయి. ఆబ్జెక్టు దొరకలేదని చెప్పే గుర్తు అది. తీగలు మాత్రం ఎక్కడివక్కడే ఉన్నాయి. సంకలనంలోంచి వచ్చిన ఆబ్జెక్టుల సంగతి తేలికగానే తేలింది. 'కౌంటర్' కోసం సైక్లోన్‌ను డెకెన్ ద్వారా దించి, పేరు ముందు లైబ్రరీ పేరును చేర్చాను. 'ప్రిపెండ్' స్థానంలో ప్యూర్ డేటాలోనే ఉన్న 'లిస్ట్ ప్రిపెండ్', 'లిస్ట్ ట్రిమ్' జంటను పెట్టి, ఒక ఆధారాన్ని పూర్తిగా వదిలించుకున్నాను. ఒకే పేరుతో రెండు మూడు లైబ్రరీలలో ఆబ్జెక్టులు ఉండడం ఈ రంగంలో మామూలే కనుక, ప్యాచ్‌లో ఎక్కడా ఒంటరి పేరును వదలకూడదన్నది అప్పటి నుంచి నా నియమం.

నా సొంత ఎక్స్‌టర్నల్స్ సంగతి వేరు. అవి పాత 32 బిట్ల ఇంటెల్ యంత్రం కోసం తయారైనవి. రాస్ప్‌బెర్రీ పైలోని ఆర్మ్ ప్రాసెసర్ మీద అవి ఎక్కే ప్రశ్నే లేదు. అప్పట్లో చేత్తో రాసుకున్న మేక్‌ఫైల్‌ను (కంపైల్ చేసే సూచనల ఫైలును) పక్కనపెట్టి, ఈ రంగంలో చాలా లైబ్రరీలు వాడుతున్న పీడీ-లిబ్-బిల్డర్‌కు మారాను. లైబ్రరీ పేరు, మూల ఫైళ్ల పేర్లు, వెంట పంపవలసిన ప్యాచ్‌ల పేర్లు ఇస్తే చాలు. ఏ వ్యవస్థకు ఎలా కంపైల్ చేయాలో అదే చూసుకుంటుంది. ఒక సాయంత్రంలో నాలుగు ఆబ్జెక్టులూ కంపైల్ అయ్యాయి. పెట్టెల అంచులు నిండుగా కనిపించాయి. పని అయిపోయిందనుకున్నాను.

మొదట బయటపడినది 'పోలిక'. అది పట్టికలోంచి ఏమీ చదవలేకపోయింది. పట్టిక మీద చేయబోయిన పని 64 బిట్ల వ్యవస్థలో విఫలమైందని కన్సోల్‌లో ఎర్రటి సందేశం వచ్చింది. కారణం ఇది. ప్యూర్ డేటాలో పట్టికలోని ప్రతి గడి ఒక యూనియన్. అందులో దశాంశ సంఖ్య ఉండవచ్చు, పాయింటరూ (జ్ఞాపకంలో ఒక చోటి చిరునామా) ఉండవచ్చు. 32 బిట్ల యంత్రంలో రెండింటి పరిమాణమూ 4 బైట్లే కనుక, గడుల వరుసను నేరుగా సంఖ్యల వరుసగా చదివినా ఇబ్బంది ఉండేది కాదు. 64 బిట్ల యంత్రంలో పాయింటరు 8 బైట్లు, కనుక గడి కూడా 8 బైట్లు; పాత పద్ధతిలో చదివితే ఒక సంఖ్య, ఒక ఖాళీ, ఒక సంఖ్య, ఒక ఖాళీగా వస్తుంది. అందుకే పాత ఫంక్షనైన 'గారే-గెట్-ఫ్లోట్-అరే' ఇటువంటి యంత్రంలో పని విఫలమైందని సందేశం చూపుతుంది. దాని బదులు 'గారే-గెట్-ఫ్లోట్-వర్డ్స్'ను వాడి, ఒక్కొక్క గడిలోంచి సంఖ్యను పేరు పెట్టి తీసుకోవాలి. తప్పుడు శబ్దాన్ని వినిపించడం కంటే ఆగిపోయి కారణం చెప్పడం మేలు. ఆ సందేశాన్ని అక్కడ పెట్టినవారికి నేను కృతజ్ఞుణ్ని. అదే ఊపులో, శబ్దపు పనికి చేరవేసే విలువలను సాదా పూర్ణాంకాలుగా పంపిన చోట్ల 'టీ-ఇంట్'గా మార్చాను, 'ఫ్లోట్' అని రాసిన ప్రతిచోటా 'టీ-ఫ్లోట్' అని దిద్దాను. రెండోది వెంటనే అవసరం కాకపోయినా, ప్యూర్ డేటాను 64 బిట్ల దశాంశ సంఖ్యలతో కంపైల్ చేసుకునేవారికి అదే ఆధారం.

ఆ తర్వాత గదికి తీసుకుపోయి పెట్టాము. రాస్ప్‌బెర్రీ పైలో మామూలు మైకును నేరుగా కలిపే సాకెట్ లేదు కనుక యూఎస్‌బీ సౌండ్ కార్డు కొన్నాము; మాకు దొరికిన కార్డు సెకనుకు 48000 నమూనాలే (శబ్దపు కొలతలే) ఇచ్చేది. పాత ల్యాప్‌టాప్ 44100 మీద నడిచింది. పిల్లలు వాయించగానే సిర్ర దెబ్బలు అప్పుడప్పుడు రెండేసి లెక్కకు వచ్చాయి. దీన్ని వెంటనే పట్టుకోగలిగాను. ఒక దెబ్బ తర్వాత 30 మిల్లీసెకన్ల పాటు మరో దెబ్బను ఒప్పుకోకూడదన్న నియమాన్ని నేను కాలంలో కాక, 1323 నమూనాలుగా రాసిపెట్టాను. 48000 మీద 1323 నమూనాలంటే 27.6 మిల్లీసెకన్లు కూడా నిండవు. ఆ తేడాలోనే డప్పు చర్మపు మారుమోత రెండో దెబ్బగా దూరింది. నమూనాల వేగాన్ని ఆబ్జెక్టు పుట్టినప్పుడు కాక, శబ్దం మొదలైన ప్రతిసారీ పిలిచే డీఎస్‌పీ పద్ధతిలో తెలుసుకుని లెక్కకట్టేలా మార్చాను.

అసలు చిక్కు సిటికెన పుల్లతో వచ్చింది. కుడిచేతి సిర్ర పొట్టిగా, లావుగా ఉండి గంభీరమైన మోత ఇస్తుంది. ఎడమచేతి సిటికెన పుల్ల సన్నగా, పొడుగ్గా ఉండి పదునైన, పైస్థాయి చప్పుడు ఇస్తుంది. కొత్త యంత్రం ఆ సన్న దెబ్బల్లో చాలావాటిని వదిలేస్తోంది. అది ఆషాఢం, మూడు రోజులుగా ముసురు. తడిగాలికి చర్మం వదులైతే పై స్థాయి చప్పుడు ముందుగా తగ్గిపోతుందని అక్కడ అందరికీ తెలుసు కనుక, డప్పులను మంట మీద కాచి మళ్లీ వాయించారు. ఫలితం లేదు. రెండోసారి కాచారు. మూడోసారి కాచాక గురువుగారు నా దగ్గరికి వచ్చి, "మల్లా కాచినం సారూ. సిర్ర దెబ్బ పడుతుంది, సిటికెన పుల్ల దెబ్బను మాత్రం ఇది పట్టుకుంటలేదు. పిల్లగాండ్లు వాళ్ల చెయ్యే తప్పనుకుంటుండ్రు" అన్నారు. ఆ చివరి మాట నన్ను చాలా బాధపెట్టింది. సరిగ్గా కొట్టిన పిల్లవాడికి దీపం వెలగకపోతే, వాడు తన చేతినే అనుమానిస్తాడు, యంత్రాన్ని అనుమానించడు.

ఆ రాత్రి 2013లో చేసిన రికార్డింగును వెతికి తీశాను. మైకు లేదు, చర్మం లేదు, ముసురు లేదు. పాత యంత్రం అన్ని దెబ్బలనూ పట్టుకున్న ఫైలునే కొత్త యంత్రానికి వినిపిస్తే, అది కూడా సన్న దెబ్బలను వదిలేసింది. లోపం డప్పుది కాదని రుజువైంది. మొదటి రోజే ఈ పని చేసి ఉంటే మూడుసార్లు మంట వేయవలసిన అవసరం ఉండేది కాదు.

'దెబ్బ~' లోపల సన్న దెబ్బను గుర్తించే అబ్‌స్ట్రాక్షన్‌లో ఏముందో చూశాను. శబ్దాన్ని 3000 హెర్ట్‌జ్ దగ్గర, కింది స్థాయి శబ్దాన్ని తగ్గించే 'హిప్~' ఫిల్టర్ గుండా పంపి, 'ఎన్వ్~'తో బలం కొలిచి, ఒక హద్దు దాటితే దెబ్బగా లెక్కించడం, అంతే. నా కోడ్ ఒక్క అక్షరం మారలేదు. మారింది 'హిప్~'. పాత 'హిప్~' పై పౌనఃపున్యాలను ఉన్నదానికంటే కొంచెం పెంచి ఇచ్చేది. 0.44 సంచిక నుంచి దాన్ని సరిదిద్ది, పై చివర పెంపు సరిగ్గా 1 ఉండేలా చేశారు. 80 హెర్ట్‌జ్ దగ్గర ఈ తేడా ఎవరి చెవికీ అందదు. ఫిల్టర్ హద్దు పెరిగేకొద్దీ తేడా పెరుగుతుంది. 44100 మీద 3000 హెర్ట్‌జ్‌కు ఫిల్టర్ గుణకం సుమారు 0.573, పాత పెంపు 2ను 1.573తో భాగిస్తే వచ్చే 1.27. అంటే పదేళ్ల క్రితం నేను చెవితో విని, గురువుగారి చేతి బలానికి సరిపోయేలా దిద్దుకున్న హద్దు, 1.27 రెట్లు పెరిగిన శబ్దానికి దిద్దుకున్నది. ఇప్పుడు శబ్దం సుమారు 2.1 డెసిబెల్స్ తగ్గింది. పెద్దవాళ్లు గట్టిగా కొట్టిన దెబ్బలు హద్దు దాటాయి. పిల్లల దెబ్బలు దాటలేదు.

ప్యూర్ డేటా వారు ఇటువంటి మార్పులకు ఒక దారి ఉంచారు. కంపాటిబిలిటీ స్థాయిని (ఏ పాత సంచికలా నడవాలో చెప్పే అంకెను) 0.43గా చెప్పి సాఫ్ట్‌వేర్‌ను మొదలుపెడితే, 'హిప్~' పాత పద్ధతిలోనే నడుస్తుంది. మర్నాడు పొద్దున ఆ ఒక్క మార్పుతో గదిని నడిపించాము, దీపాలు వెలిగాయి. అయితే దాన్ని శాశ్వతంగా ఉంచడానికి నా మనసు ఒప్పుకోలేదు. ఆ స్థాయి ఒక ప్యాచ్‌కు పరిమితం కాదు, మొత్తం సాఫ్ట్‌వేర్‌కు వర్తిస్తుంది. రేపు అదే యంత్రంలో ఎవరైనా కొత్త ప్యాచ్ తెరిస్తే, దాని ఫిల్టర్లు కూడా వారికి తెలియకుండానే పాత పద్ధతికి పోతాయి. ఒక లైబ్రరీ తన అవసరం కోసం ఇల్లంతటినీ వెనక్కి తిప్పకూడదు.

అందువల్ల 'హిప్~'ను తీసేసి, దాని లోపల జరిగే పనినే మరింత మౌలికమైన ఆబ్జెక్టులతో కట్టాను: గుణకాన్ని ఇచ్చిన 'ఆర్‌పోల్~', దాని వెంట 1 ఇచ్చిన 'ఆర్‌జీరో~'. ఈ రెండూ కలిస్తే పాత 'హిప్~' లెక్క అచ్చంగా వస్తుంది, మధ్యలో ఎవరూ పెంపును సరిదిద్దరు. ఇక్కడ ఇంకో మెలిక ఉంది. గుణకం నమూనాల వేగం మీద ఆధారపడుతుంది కనుక, 48000 మీద అదే 3000 హెర్ట్‌జ్‌కు పాత లెక్క ఇచ్చే పెంపు 1.27 కాదు, 1.244. పాత ప్రవర్తన అంటే పాత సూత్రమా, పాత ఫలితమా అన్న ప్రశ్న అక్కడ తలెత్తింది. చాలాసేపు ఆలోచించి ఫలితాన్నే ఎంచుకున్నాను: ఎంత వేగం మీదనైనా పెంపు 1.27గా ఉండేలా చివర ఒక గుణకారం పెట్టాను. సూత్రాన్ని కాపాడితే నాకు తృప్తి కలుగుతుంది; ఫలితాన్ని కాపాడితే పిల్లవాడికి దీపం వెలుగుతుంది.

'వేరు~'లో దొరికిన లోపం వీటన్నిటికంటే పాతది, అసలు నాదే. రాస్ప్‌బెర్రీ పైకి భారం తగ్గుతుందని ప్యాచ్‌లో ఎప్పటి నుంచో ఉన్న ఒక శబ్ద మీటరును తీసేశాను. తీసేయగానే 'వేరు~' పై భాగపు అవుట్‌లెట్ (శబ్దం బయటికి వచ్చే దారి) పూర్తిగా మూగబోయింది. ఏం జరుగుతోందో కొలుద్దామని మీటరును తిరిగి కలిపితే, ఒకసారి శబ్దం వచ్చింది; తీగను తెంపి వేరే వరుసలో కలిపితే మళ్లీ పోయింది. కొలిచే పనిముట్టే రోగాన్ని దాచిపెడుతున్నట్టు అనిపించింది. రెండు రోజులు నాకు అర్థం కాలేదు.

కారణం ప్యూర్ డేటా జ్ఞాపకాన్ని పొదుపుగా వాడుకునే తీరులో ఉంది. శబ్దాన్ని అది మామూలుగా 64 నమూనాల ముక్కలుగా నడిపిస్తుంది. ఒక ఆబ్జెక్టుకు వచ్చిన ముక్కను ఆ తర్వాత చదవవలసినవారు ఇంకెవరూ లేకపోతే, అదే జ్ఞాపక స్థలాన్ని ఆ ఆబ్జెక్టు అవుట్‌లెట్‌కు ఇచ్చేస్తుంది. అంటే లోపలికి వచ్చేదీ బయటికి పోయేదీ ఒకే చోట ఉండవచ్చు. నా కోడ్ మొదటి చుట్టులో మంద్ర భాగాన్ని లెక్కించి ఎడమ అవుట్‌లెట్‌లో రాసి, రెండో చుట్టులో ఇన్‌లెట్‌ను (శబ్దం లోపలికి వచ్చే దారిని) మళ్లీ చదివి, అందులోంచి మంద్ర భాగాన్ని తీసివేసి పై భాగాన్ని కనుక్కునేది. రెండో చుట్టుకు వచ్చేసరికి ఇన్‌లెట్ స్థలంలో ఉన్నది మంద్ర భాగమే. దానిలోంచి దాన్నే తీసివేస్తే మిగిలేది సున్నా. పదేళ్ల పాటు ఆ మీటరు తన వంతు కోసం ఎదురుచూస్తూ ఉండడం వల్ల, ఆ ముక్కను ఎవరూ చెరపలేదు. లోపం మొదటి రోజు నుంచీ ఉంది. దిద్దుబాటు చిన్నది: ఒకే చుట్టులో ఇన్‌లెట్ నమూనాను ముందుగా ఒక చరరాశిలోకి తీసుకుని, రెండు ఫలితాలనూ లెక్కించాకే రెండు అవుట్‌లెట్లలో రాయడం. శబ్దపు ఎక్స్‌టర్నల్ రాసే ప్రతివారూ ఒక అవుట్‌లెట్‌లో రాసిన తర్వాత ఇన్‌లెట్‌ను మళ్లీ చదువుతున్నామా అని తమ కోడ్‌ను ఒకసారి వెతికి చూసుకోవాలని నా విన్నపం.

ఇవన్నీ అయ్యాక లైబ్రరీని విడుదల చేసేముందు ఒక విషయంలో నాతో నేనే వాదించుకోవలసి వచ్చింది. 'దెబ్బ~'ను బాగుచేసే మార్గాలు నాకు ఇప్పుడు ఎక్కువ తెలుసు. హద్దును గది చప్పుడును బట్టి తనంతట తానే దిద్దుకునేలా రాయగలను, రాశాను కూడా. కానీ దాన్ని పాత పేరు మీద పెట్టలేదు, 'దెబ్బ2~' అని వేరుగా పెట్టాను. ఆబ్జెక్టు పేరు, దాని ఆర్గ్యుమెంట్ల (పేరు పక్కన ఇచ్చే విలువల) వరుస, ఇన్‌లెట్ల వరుస. ఇవి మూడూ వాడేవారికి మనం ఇచ్చిన మాట. ప్యాచ్ ఫైలులో తీగలు పేర్లతో కాక అంకెలతో రాసి ఉంటాయి: ఎన్నో ఆబ్జెక్టు, ఎన్నో అవుట్‌లెట్, ఎన్నో ఆబ్జెక్టు, ఎన్నో ఇన్‌లెట్ అని. మధ్యలో ఒక కొత్త ఇన్‌లెట్ చేరిస్తే, ఏ హెచ్చరికా లేకుండా పాత ప్యాచ్‌లోని తీగలు పక్క ఇన్‌లెట్‌కు జరిగిపోతాయి. అందుకే కొత్త ఇన్‌లెట్ అవసరమైతే కుడి చివరనే చేరుస్తాను, కొత్త ఎంపికలను పాత ఆర్గ్యుమెంట్ల ముందుకు ఎప్పుడూ తేను.

పరీక్షల కోసం గదిలోనే చేసిన రికార్డింగులను తీసుకున్నాము. గురువుగారు పక్కన కూర్చుని, ప్రతి దానిలో సిర్ర దెబ్బలెన్నో, పుల్ల దెబ్బలెన్నో చెవితో విని చెప్పారు; నేను రాసుకున్నాను. ఒకచోట నా లెక్కకూ ఆయన లెక్కకూ తేడా వస్తే, నెమ్మదిగా వినిపించి చూశాము, ఆయనదే సరైనది. ప్యూర్ డేటాను తెర లేకుండా, బ్యాచ్ పద్ధతిలో నడిపితే శబ్దాన్ని నిజ కాలంలో కాక ప్రాసెసర్ ఎంత వేగంగా చేయగలిగితే అంత వేగంగా నడిపిస్తుంది కనుక, అన్ని రికార్డింగుల పరీక్షా టీ తాగేలోపు ముగుస్తుంది. 44100, 48000 రెండింటి మీదా, మీటరు ఉన్న ప్యాచ్‌తోనూ లేని ప్యాచ్‌తోనూ నడుపుతాను.

డెకెన్ పొట్లం కట్టేటప్పుడు పేరులోని ఒక అంకె నన్ను తికమక పెట్టింది. 64 బిట్ల ఆర్మ్ కోసం కట్టిన పొట్లం పేరులో చివర 32 అని వస్తుంది. పాత యంత్రానికి కట్టానేమోనని రెండుసార్లు మళ్లీ కట్టాను. ఆ 32 ఆపరేటింగ్ సిస్టమ్‌ది కాదు, ప్యూర్ డేటా వాడే దశాంశ సంఖ్య పరిమాణానిది. మూల కోడ్‌ను కూడా పొట్లంలోనే పెట్టాను. నేను అందుబాటులో లేనప్పుడు ఎవరైనా కొత్త యంత్రానికి కంపైల్ చేసుకోగలగాలి.

గదిలో ఇప్పటికీ నడుస్తున్నది పాత 'దెబ్బ~'నే. 'దెబ్బ2~'ను గురువుగారికి వినిపించి చూపించాను. వదులు చర్మం మీద కూడా అది పుల్ల దెబ్బను పట్టుకుంటుందని చెప్పాను. ఆయన కాసేపు చూసి, "కాచని డప్పుకు గూడ దీపం ఎలిగితే, పిల్లగాడు డప్పు కాచుడు ఎప్పుడు నేర్చుకుంటడు?" అని అడిగారు. ఆ తర్వాతి వారం ముసురులో, కాచకముందూ కాచిన తర్వాతా అవే దరువులు వాయించి రికార్డు చేయించారు. ఆ రెండు ఫైళ్లు ఇప్పుడు పరీక్షలలో పక్కపక్కనే ఉన్నాయి: కాచిన దానిలో 'దెబ్బ~' అన్ని దెబ్బలనూ పట్టుకోవాలి, కాచని దానిలో కొన్నింటిని వదిలేయాలి. ఎన్ని వదలాలో కూడా ఆయనే లెక్క చెప్పారు.